రిమోటు మీ మేనల్లుడికే ఇచ్చిపో

కడప

ఒరే బావా,

నువ్వు ఫోను పెట్టేసినప్పటి నుంచి నాకు ఒక మాట లోపల గొణుగుతా ఉంది. ఫోన్లో చెబుదామంటే మధ్యలో అందుకుని నీ పాట నువ్వు మొదలుపెడతావు. అందుకే కాయితం మీద పెడుతున్నా. అడ్డం రాకుండా చదువు.

అమెరికా ప్రయాణం ఖాయమైంది, సంతోషం. ఆరు నెలలు కొడుకు దగ్గర ఉండి, మనవరాలిని ఎత్తుకుని, చెల్లెమ్మను నాలుగు చోట్లకు తిప్పి తీసుకురా. ఇల్లు మీ మేనల్లుడికి అప్పగించి పోవడం కూడా మంచి ఆలోచనే. మీ అక్క ఇంట్లో అందరూ ఇరుకున పడి ఉన్నారు, పైగా ఇప్పుడు చంటిబిడ్డ. వాళ్ళకు కొన్నాళ్ళు వెసులుబాటు, నీ ఇంట్లో రోజూ దీపం. ఇంతవరకు నీ తెలివికి దండం పెడతా.

కానీ చివర్లో ఒకటి అన్నావు చూడు, "ఏసీలు రెండూ వైఫైవి పెట్టించినా. డాలస్‌లో కూర్చుని అనంతపురంలో ఎన్ని డిగ్రీలు ఉండాలో నేనే సెట్ చేస్తా" అని, అక్కడే నాకు గుండె జారింది. నీ పక్కన చెల్లెమ్మ ఉందని అప్పుడు నవ్వి ఊరుకున్నా. ఆ పని మాత్రం చెయ్యొద్దు. ఎందుకు వద్దంటున్నానో చెప్పాలంటే ముందు మా చిన్నదాని సంగతి చెప్పాలి.

అది ఇంగ్లండ్‌లో, లీడ్స్‌లో ఉద్యోగం చేస్తోందని నీకు తెలుసు కదా. పోయిన చలికాలం దాని ఆఫీసులో ఒకామె, మొగుడితో కలిసి స్పెయిన్ పోతూ, మా ఇల్లు చూసుకుంటావా అని అడిగింది. అక్కడ అదొక పద్ధతి. అద్దె ఇవ్వక్కర్లేదు, జీతమూ ఉండదు. పిల్లికి తిండి పెట్టాలి, చెట్లకు నీళ్ళు పొయ్యాలి, పోస్టు తీసి బల్ల మీద పెట్టాలి, ఇల్లు పాడుబడినట్టు కనబడకుండా మనుషులు మసలాలి. మా చిన్నదీ, దాని రూమ్మేటు ఒక నెల్లూరమ్మాయీ, పెద్ద ఇంట్లో ఉండొచ్చని ఎగురుకుంటూ పోయినారు.

నూరేళ్ళు దాటిన ఇటుకల ఇల్లు అది. అలాంటి పాత ఇళ్ళ గోడల మధ్య ఖాళీ ఉండదంట, లోపలి వేడి గోడలోంచే బయటికి పోతుంది. వంటింట్లో గ్యాసు బాయిలరు, అది నీళ్ళు కాచి పైపుల్లో తోస్తే ఆ నీళ్ళు గదిగదికీ ఉన్న రేడియేటర్లలో తిరుగుతాయి. బాయిలరు ఎప్పుడు వెలగాలో, ఎప్పుడు ఆరాలో చెప్పేది మాత్రం హాల్లో గోడకు పెట్టిన థర్మోస్టాటు.

వీళ్ళు దాన్ని 19కి తిప్పుతారు. గంట గడిచేసరికి 16 చూపిస్తుంది. మళ్ళీ తిప్పుతారు, మళ్ళీ దిగుతుంది. బాయిలరు చెడిపోయిందనుకున్నారు. నెల్లూరమ్మాయి రేడియేటర్ల నాబులన్నీ పూర్తిగా తిప్పి చూసింది. బాయిలరే వెలగకపోతే అవి తిప్పి ఏం లాభం? తర్వాత బయటపడింది ఏమంటే, ఆ థర్మోస్టాటు ఇంటివాళ్ళ ఫోన్లలో యాప్‌కి కట్టి ఉంది. వాళ్ళ ఫోన్లు ఇల్లు దాటి దూరం పోతే ఇంట్లో ఎవరూ లేరని లెక్కేసుకుని అది వేడి తగ్గించేస్తుంది. ఫోన్లు స్పెయిన్‌లో ఉన్నాయి. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలూ ఒక పిల్లీ ఉన్నా దాని లెక్కలో ఇల్లు ఖాళీయే.

సరే, అది మిషను పొరపాటు అనుకుందాం. ఆ ముక్క చెబితే ఇంటామె ఏమందో తెలుసా? "మీరు 21 పెట్టడం కూడా చూశాను. మేమైతే 17లోనే ఉంటాం. ఇంకో స్వెట్టరు వేసుకోండి." అంటే అక్కడ సముద్రం ఒడ్డున కూర్చుని ఈమె కూడా దించుతా ఉందన్నమాట. మన కడప పిల్లకు 17 అంటే ఏంటో ఆమెకేం తెలుసు! ఇక్కడ పుష్యమాసంలో తెల్లవారుజామున 17, 18కి దిగితే మనం మంకీ క్యాపులు పెట్టుకుని టీ బంకు దగ్గర మంట వేసుకుంటాం.

నేనూ ఊరికే కూతురి పక్షం పట్టి మాట్లాడటం లేదు. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇళ్ళ గురించి ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఉంది, చలి దేశాల్లో ఇంటి లోపల కనీసం 18 డిగ్రీలు ఉండాలని. ముసలివాళ్ళకు, పసిపిల్లలకు, ఒంట్లో బాగాలేనివాళ్ళకు ఇంకాస్త ఎక్కువే కావాలని కూడా రాశారు. పైగా చల్లటి ఇంట్లో వంట చేసి, బట్టలు లోపలే ఆరేస్తే ఆ తేమంతా గోడలకు, కిటికీలకు పట్టి మూలల్లో నల్లగా బూజు మొలుస్తుంది. అంటే నష్టం ఇంటివాళ్ళకే.

అసలు తమాషా ఇంకా ఉంది. చలికి తట్టుకోలేక వీళ్ళిద్దరూ కరెంటుతో నడిచే చిన్న ఫ్యాన్ హీటరు కొనుక్కున్నారు. రెండు కిలోవాట్లది. గంటకు రెండు యూనిట్లు తాగుతుంది. ఆ దేశంలో యూనిట్ కరెంటు ధర యూనిట్ గ్యాసు ధరకు దాదాపు నాలుగింతలు. గ్యాసు బిల్లు మిగులుతుందని ఆమె బాయిలరు తగ్గించింది, కరెంటు మీటరు గిరగిరా తిరిగింది. యాప్‌లో మాత్రం 16 చూసుకుని నిమ్మళంగా పడుకుని ఉంటుంది!

ఇంటివాళ్ళ బాధ నాకు అర్థం కాదనుకోవద్దు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక అక్కడ గ్యాసు, కరెంటు బిల్లులు ఎలా ఎగిరినాయో మనం వార్తల్లో చూశాం. ఆ దెబ్బ తిన్నవాళ్ళు డిగ్రీ డిగ్రీకీ ఉలిక్కిపడతారు. ఇంకొకటి, హీటింగు పూర్తిగా ఆపేసి పోతే పైపుల్లో నీళ్ళు గడ్డకడతాయి. గడ్డకట్టిన నీళ్ళు సుమారు 9 శాతం ఉబ్బుతాయి, పైపు పగులుతుంది, మంచు కరిగినాక ఇల్లు చెరువవుతుంది. అందుకే ఇంతకంటే దించొద్దు అని వాళ్ళొక మాట చెబితే నేను తలూపుతా. అది ఇంటి క్షేమం. కానీ ఇంతకంటే పెంచొద్దు అనేది ఇంకో సంగతి, అది డబ్బు. డబ్బు గురించి భయముంటే ముందే కూర్చుని డబ్బు గురించి మాట్లాడుకోవాలి గానీ, మనిషి నిద్రపోతుంటే దుప్పటి లాగినట్టు దూరం నుంచి బటన్ నొక్కడం ఏం మర్యాద?

చివరికి మా చిన్నది గట్టిగా ఒక మెసేజీ పెట్టింది. చదివి వినిపించింది కూడా, చాలా పద్ధతిగా ఉంది, నాకే ఆశ్చర్యమేసింది. దాని తర్వాత ఇంటామె యాప్‌లో వీళ్ళకూ చోటిచ్చింది. మళ్ళీ ఇల్లు చూసుకోమని అడిగితే మాత్రం మా చిన్నది వేరే పనుందని తప్పించుకుంది.

మన దగ్గర ఇదే కథ తిరగేసి జరుగుతుంది, చలి బదులు ఎండ. మా వీధి చివర ఇల్లు నీకు తెలుసు, కువైట్‌లో ఉండేవాళ్ళది. ఇంట్లో ఆయన పెద్దనాన్న, పెద్దమ్మ ఉంటారు, కాపలాకి కాపలా, పెద్దవాళ్ళకి నీడ. ఏసీ పగ్గాలు మాత్రం కువైట్‌లో. ఆయన పడుకోబోయే ముందు ఫోన్లో ఆపేసేవాడు. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. అక్కడ పదిన్నర అంటే ఇక్కడ రాత్రి ఒంటిగంట. మే నెలలో కడప మిద్దె సంగతి నీకు నేను చెప్పాలా? పగలంతా తాగిన ఎండను రాత్రంతా కక్కుతుంది. ఒంటిగంటకు ఏసీ ఆగిపోతే ఆ ముసలాళ్ళు తడిగుడ్డ కప్పుకుని కూర్చునేవాళ్ళు. ఒకరోజు పెద్దాయనకు చిర్రెత్తి రౌటరు పీకి బీరువా మీద పెట్టి, చేతి రిమోటుతో ఏసీ వేసుకుని హాయిగా పడుకున్నాడు. తెల్లారేసరికి కువైట్ నుంచి వీధిలో అందరికీ ఫోన్లు, "కెమెరాలు కనబడటం లేదు, ఏసీ కనబడటం లేదు, దొంగలు పడినారేమో చూడండి" అని. మేం పోయి చూస్తే పెద్దాయన అరుగు మీద కూర్చుని ఉగ్గాణి తింటా ఉన్నాడు!

నీ సంగతి ఇంకా ప్రమాదం. ఎండాకాలంలో డాలస్ మనకు పదిన్నర గంటలు వెనక. అనంతపురంలో అర్ధరాత్రి అయ్యేసరికి నీకు మధ్యాహ్నం ఒకటిన్నర. కొడుకూ కోడలూ ఆఫీసులో, మనవరాలు స్కూల్లో, చెల్లెమ్మ ఒక కునుకు తీస్తూ, నువ్వు అన్నం తిని సోఫాలో. చేతిలో ఫోను. నీ సంగతి నాకు తెలియదా? హాస్టల్లో నలుగురికి ఒక ఫ్యానుంటే రెగ్యులేటరు దగ్గర మంచం వేసుకున్నవాడివి నువ్వు.

యాప్‌లో కనబడే అంకెను నమ్మి సెట్ చేస్తావు కదా, అది ఎక్కడిదో ఆలోచించావా? ఏసీ లోపల, గాలి పీల్చుకునేచోట ఉన్న సెన్సారు చెప్పే లెక్క అది. గోడ పైన, కప్పుకు దగ్గరగా. కింద బిడ్డ పడుకునే మూల ఎలా ఉందో దానికి తెలియదు. ఉక్కపోస్తుందో, గాలి నేరుగా తగిలి వణుకు పుడుతుందో పక్కన పడుకున్న తల్లికే తెలుస్తుంది.

ఇంకొకటి. మా చిన్నది మెసేజీ పెట్టి అడిగేసింది, వాళ్ళు వేరేవాళ్ళు కాబట్టి. మీ మేనల్లుడు నిన్ను అడగడు. మేనమామతో "ఏసీ ఎందుకు ఆపుతున్నావు మామా" అని ఎలా అంటాడు పాపం? చెమటలు కక్కుతూ ఊరుకుంటాడు. వాడి పెళ్ళాం ఊరుకోదు, అత్తకు చెబుతుంది. మీ అక్క నీతో ఏమీ అనదు, మనసులో పెట్టుకుంటుంది. అది సంక్రాంతికో, ఇంకెవరి పెళ్ళిలోనో బయటికొస్తుంది. అప్పటికి ఏసీ సంగతి నీకు గుర్తు కూడా ఉండదు.

డబ్బు లెక్క కూడా చెప్తా, నీకు అదే కదా ముఖ్యం. ఒకటిన్నర టన్ను ఏసీ రాత్రి ఎనిమిది గంటలు నడిస్తే సుమారు 8 నుంచి 10 యూనిట్లు. నెలకు 300 యూనిట్లు అనుకో. స్లాబుల్లో 225 దాటితే యూనిట్ 8 రూపాయల 75 పైసలు, 400 దాటితే 9 రూపాయల 75 పైసలు. ఎంత గట్టిగా లెక్కేసినా ఒక గదికి నెలకు సుమారు మూడు వేలే. ఆ డబ్బుకు నీకు రాత్రిపూట వాచ్‌మన్ దొరుకుతాడా? వాళ్ళు ఊరికే కాపలా కాస్తున్నారు, ఆ చల్లగాలే వాళ్ళకు జీతమనుకో. అంతగా మనసొప్పకపోతే పోయే రోజు మీటరు ఫొటో తీసుకో. పోయిన ఏప్రిల్, మే బిల్లులు తీసి, ఇంతవరకు నాది, పైన నీది అని వాడి ముందే చెప్పెయ్. ఒక్కసారి మొహమాటం పడితే ఆరు నెలలు నిమ్మళం.

24లో పెట్టుకుని పైన ఫ్యాను వేసుకోమని సలహా ఇవ్వు, తప్పులేదు. 2020 జనవరి నుంచి స్టార్ గుర్తున్న కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24లోనే మొదలవ్వాలని కేంద్రం రూలు పెట్టింది. ఒక డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని కూడా వాళ్ళే చెబుతున్నారు. 2025 జూన్‌లో ఏకంగా 20కి తక్కువ పోకుండా, 28కి మించకుండా చేస్తామని కేంద్ర విద్యుత్ మంత్రి ప్రకటించారు. ఢిల్లీవాళ్ళు ఒకవైపు, డాలస్ నుంచి నువ్వొకవైపు, మధ్యలో ఆ చంటిబిడ్డ.

నీకు అంతగా పెత్తనం చెయ్యాలనుంటే చెయ్యాల్సిన పనులు వేరే ఉన్నాయి. బోరు మోటారుకు నీళ్ళు లేకపోతే ఆగిపోయే స్టార్టరు పెట్టించు, అనంతపురం బోరు ఎప్పుడు ఎండుతుందో దేవుడికే ఎరుక. ఇన్వర్టరు బ్యాటరీలో నీళ్ళు ఎప్పుడు పొయ్యాలో కాగితం మీద రాసి అతికించు. గీజరు వాడినాక ఆపమను. ఏసీలకు పోకముందే సర్వీసు చేయించు, స్టెబిలైజరు చూపించు. ఇవి ఇంటి క్షేమం, వీటికి ఎవరూ నొచ్చుకోరు. యాప్ మాత్రం నీ ఫోన్లోంచి తీసేసి వాడి ఫోన్లో వేసి పో.

శివరాత్రికే చలి శివశివా అని పోయింది, ఇక్కడ అప్పుడే పగలు వీధిలో మనిషి కనబడటం లేదు. ఉగాదికి వస్తానన్నావు, పోకముందు తప్పకుండా రా, కారం దోశ బాకీ ఉంది. ఈ ఉత్తరం మీ అక్కకు మాత్రం చూపించొద్దు. ఆమె నన్ను నాలుగు మాటలు పొగిడితే నువ్వు తట్టుకోలేవు.

ఇట్లు,
రెగ్యులేటరుకు దూరంగా పడుకున్న నీ రూమ్మేటు