ఎర్ర తూనీగలన్నీ ఒకటి కావు

విశాఖపట్నం

ప్రియమైన సత్యానికి,

నీ ఉత్తరమూ, దానితో పంపిన తూనీగల ఫోటోలూ అందాయి. ఇక్కడ అందరం క్షేమం. ఎర్రగా ఉన్నవన్నీ ఒక జాతి, పసుపుపచ్చగా ఉన్నవన్నీ ఇంకొక జాతి అనుకోవచ్చునా అని అడిగావు. అలా అనుకోకూడదు, మిత్రమా. తూనీగ విషయంలో రంగు చివర చూడవలసినదే కాని మొదట చూడవలసినది కాదు. ఒకే జాతిలో మగది ఒక రంగు, ఆడది మరొక రంగు. ఈడు రాని మగది చాలాసార్లు ఆడదాని రంగులోనే ఉంటుంది. మన దేశంలో సుమారు 500 జాతులున్నాయి కనుక రంగును నమ్ముకుంటే దారి తప్పడం ఖాయం.

మొట్టమొదట అది ఎలా వాలిందో చూడు. రెక్కలు రెండు పక్కలకూ బార్లా చాపి కూర్చుంటే అది అసలు తూనీగ. వెనక జత రెక్కలు ఒంటికి అతికే మొదలు దగ్గర వెడల్పుగా ఉంటాయి, రెండు కళ్లూ తల మీద ఒకదానినొకటి తాకుతూ ఉంటాయి. రెక్కలను వీపు మీద దగ్గరగా మూసుకుని, రెండు కళ్ల మధ్య ఎడం ఉండి, ఒళ్లు సూదిలా సన్నగా ఉంటే అది డామ్సెల్‌ఫ్లై, అంటే సన్న తూనీగ. రెండింటికీ మినహాయింపులున్నాయి. సన్న తూనీగల్లో ఒక కుటుంబం రెక్కలను సగం విప్పుకునే కూర్చుంటుంది. పెద్ద తూనీగల్లో క్లబ్‌టెయిల్ కుటుంబానికి కళ్లు ఎడంగా ఉంటాయి. చెరువు మధ్యన పొడుచుకు వచ్చిన ఎండుపుల్ల చివర, నలుపూ పసుపూ చారలతో, తోక చివర చిన్న రెక్కల వంటి పలకలతో కూర్చునేది ఆ కుటుంబానిదే.

ఇక నీ ఎర్రవాటి సంగతి. స్కార్లెట్ స్కిమ్మర్ మగది కళ్ల నుంచి తోక కొస దాకా నెత్తురు రంగు. కాళ్లు కూడా ఎర్రబారి ఉంటాయి, తోక వీపున సన్నని నల్లగీత ఒకటి పొడుగునా పోతుంది. క్రిమ్సన్ మార్ష్ గ్లైడర్‌ను దూరం నుంచి చూస్తే అదీ ఎరుపే, కాని దగ్గరకు వెళ్లిన కొద్దీ ఆ ఎరుపులో ఊదా కలిసిన గులాబీ ఛాయ తెలుస్తుంది; రెక్కల ఈనెలు ఎర్రగా, కాళ్లు నల్లగా ఉంటాయి. ఈ కాళ్ల తేడా ఒక్కటి గుర్తుంచుకుంటే సగం చిక్కు విడిపోతుంది. మూడవది డిచ్ జ్యువెల్. దీని రెక్కల్లోనే నారింజరంగు వెడల్పుగా పరుచుకుని ఉంటుంది. మురుగు కలిసిన నీళ్లను కూడా తట్టుకోగలదు కనుక ఊరి కాలవల పక్కన, మేఘాద్రిగెడ్డ వైపు పోయే దారిలోని గుంటల మీద, ఇంకే తూనీగా కనబడని చోట కూడా ఇది కనబడుతుంది.

చూశావా, చోటు కూడా ఒక గుర్తే. సిమెంటు తొట్టి పక్కన ప్రహరీ గోడకు రెక్కలు ఆనించి, గోడ మీది నాచు మరకలాగే బూడిద రంగులో అతుక్కుని ఉండేది గ్రానైట్ ఘోస్ట్. నువ్వు దానిని చూడకుండా దాటిపోవడానికే అవకాశం ఎక్కువ. రెక్క అంచున కొసకు దగ్గరగా, మధ్యలో నల్లగా, రెండు చివర్లా తెల్లగా ఉండే మచ్చే దానిని పట్టిస్తుంది. అలాంటి అంచు మచ్చ దాదాపు ప్రతి తూనీగకూ ఉంటుంది. ఎగిరేటప్పుడు రెక్క అదరకుండా బరువు నిలిపేది అదే. గ్రానైట్ ఘోస్ట్ మన ఇళ్ల తొట్లలో, నూతుల్లోనే గుడ్లు పెడుతుంది. దాని పిల్లలు నీళ్లలో దోమ పిల్లలను తిని పెరుగుతాయి కనుక, తొట్టి కడిగేటప్పుడు అడుగున పాకుతూ కనబడిన వాటిని దయచేసి పారబోయకు.

నా ప్రాణం మాత్రం సన్న తూనీగల మీదనే ఉన్నది. ఆనందపురం, పద్మనాభం వైపు వరి మడుల గట్ల మీద, ఎండ ఇంకా ముదరక ముందు, గడ్డిలోకి వంగి చూసే ఓపిక ఉన్న వారికే ఇవి కనబడతాయి. పిగ్మీ డార్ట్‌లెట్ మొత్తం పొడవు సుమారు రెండు సెంటీమీటర్లు. మగదాని రొమ్ము మీద నలుపూ ఆకుపచ్చా చారలు, తోక చివర ఇటుక ఎరుపు. దాని పక్కనే ఒక్క మచ్చయినా లేని పసుపు తోకతో కోరమాండల్ మార్ష్ డార్ట్ ఉంటుంది. 1798లో ఫాబ్రిషియస్ అనే కీటకశాస్త్రవేత్త పేరు పెట్టినప్పుడు మన కోరమాండల్ తీరాన్నే దానికి పేరుగా ఇచ్చాడని తలుచుకుంటే నాకు ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది. ఇవి గుడ్లు పెట్టడం నువ్వు తప్పక చూడాలి: మగది తోక చివరి కొక్కేలతో ఆడదాని మెడను పట్టుకుని, కాళ్లు దేనికీ ఆనించకుండా నిటారుగా నిలబడిపోతుంది, కింద ఆడది నీటిమొక్క కాడను చీల్చి లోపల గుడ్లు దోపుతూ ఉంటుంది. వేరొక మగది దగ్గరకు రాకుండా అలా కావలి కాస్తుందన్న మాట. పెద్ద తూనీగల్లో మగది పట్టుకునేది మెడను కాదు, తలను.

వాన ముందు ఖాళీ స్థలాల మీద గుంపులుగా తిరిగేవి ఏమిటని కూడా రాశావు. అవి వాండరింగ్ గ్లైడర్లు. అవి గంటల తరబడి వాలకుండానే ఎగురుతాయి. వాలితే కొమ్మ పట్టుకుని నిలువుగా వేలాడతాయి. ఏటా అక్టోబరు నుంచి ఇవి మాల్దీవులలో వేల సంఖ్యలో దిగడం గమనించిన చార్లెస్ ఆండర్సన్ అనే జీవశాస్త్రవేత్త, అవి భారతదేశం నుంచి సముద్రం మీదుగా తూర్పు ఆఫ్రికాకు పోతున్నాయని 2009లో ప్రకటించాడు. పోయినవే తిరిగి రావు. రాకపోకలు కొన్ని తరాలలో పూర్తవుతాయి. ఆర్కే బీచ్ మీద అవి ఎగురుతూ ఉంటే ఎదుట ఉన్న సముద్రం వంక చూడకుండా ఉండలేను.

దీపావళికి వస్తానన్నావు కనుక ఒక రోజు కొండకర్ల ఆవకు వెళదాం. తాటి దోనె మీద తామరాకుల మధ్యకు పోతే, పసుపూ గోధుమరంగూ కలిసిన రెక్కలతో సీతాకోకచిలుకల్లా తేలే పిక్చర్ వింగ్‌లు దగ్గరగా కనబడతాయి. వల తేవద్దు, పట్టుకుంటే రెక్కలు చిరిగిపోతాయి. దగ్గరలోని వాటిని కూడా స్పష్టంగా చూపే బైనాక్యులర్ ఉంటే తీసుకురా. ఫోటో తీసేటప్పుడు పక్క నుంచి ఒకటి, పై నుంచి ఒకటి తప్పనిసరి: రొమ్ము చారలు పక్క నుంచే తెలుస్తాయి, రెక్కల మొదలు పై నుంచే తెలుస్తుంది. ముఖం ఎదురుగా తీసిన ఫోటో అందంగా ఉంటుంది కాని పేరు చెప్పదు.

నువ్వు పంపిన వాటిలో తుంగ కాడ మీద ఉన్నది క్రిమ్సన్ మార్ష్ గ్లైడరే. నల్లని కాళ్లు స్పష్టంగా ఉన్నాయి. గట్టు మీద రాయిపై ఉన్న ఎర్రదానికి మాత్రం కాళ్లు నీడలో పడ్డాయి. అదే సమయంలో తీసిన మరొక ఫోటో ఉంటే పంపించు, చూసి రాస్తాను.

ఇట్లు,
నీ మిత్రుడు
రామం