ఇటాలియన్ బ్యాచి మధ్యలో కొత్తవాళ్ళను చేర్చకండి

సంపాదకులకు,

గత ఆదివారం మీ చదువుల పేజీలో ఇటలీ గురించి వచ్చిన వ్యాసం చదివాను. అక్కడ ఫీజులు తక్కువనీ, ఇంటి ఆదాయాన్ని బట్టి ప్రాంతీయ ప్రభుత్వాలు స్కాలర్‌షిప్పు ఇస్తాయనీ, యూనివర్సిటాలీ పోర్టల్లో ముందుగా పేరు నమోదు చేసుకోవాలనీ సరిగ్గానే రాశారు. చివర్లో ఒక్క వాక్యం మాత్రం నాకు మింగుడుపడలేదు. పాఠాలు ఇంగ్లిషులోనే కాబట్టి ఇటాలియన్ రాకపోయినా పరవాలేదట. తరగతి గది వరకూ ఆ మాట నిజమే. పిల్లలు తరగతి గదిలో కాపురం ఉండరు కదండీ!

నేను జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని. మాది పాలకొల్లు. మా తమ్ముడి కూతురికి ఇటలీలోని పాదొవాలో సీటొచ్చింది. భీమవరంలో ఇటాలియన్ క్లాసులో చేరింది. రాత్రిపూట బస్సులో ఒక్కతే రావడం ఎందుకని తమ్ముడు నన్ను తోడు పంపాడు. బయట బెంచీ మీద కూర్చుని వారపత్రిక తిరగేయడం వరకే నా ఉద్యోగం. పంతులమ్మ ఊరుకోలేదు, "లోపలికి రండి మేడం, ఫ్యాన్ కింద కూర్చోండి" అని పిలిచింది. కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఉండిపోయాను. మేనకోడలు విమానం ఎక్కి వెళ్ళిపోయింది, నేనింకా క్లాసుకు వెళ్తూనే ఉన్నాను. మా ఆయన "ఈ వయసులో ఎవరితో మాట్లాడతావే?" అంటారు. ఆయనతో మాట్లాడేదానికంటే ఎక్కువే మాట్లాడుతున్నానని ఇంకా చెప్పలేదు.

ఇక విషయానికి వస్తాను. ఇటలీలో దిగిన 8 పనిదినాల్లోగా నివాస అనుమతికి దరఖాస్తు పెట్టుకోవాలి. దాన్ని పెర్మెస్సో ది సొజ్జోర్నో అంటారు. ఆ దరఖాస్తు కవరు పోస్టాఫీసులో ఇస్తారు, నింపి తిరిగి పోస్టాఫీసులోనే ఇవ్వాలి. దానికి 16 యూరోల స్టాంపు కావాలి. అది కొనడానికి పొగాకు దుకాణానికి వెళ్ళాలి. మనం రెవెన్యూ స్టాంపు కోసం సిగరెట్ల కొట్టుకు వెళ్తామా? ఇలాంటివి ముందుగా ఎవరో చెప్పాలి, ఆ కొట్టువాడితో రెండు ముక్కలు మాట్లాడటం రావాలి. ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళూ, మందుల షాపువాళ్ళూ ఇంగ్లిషులో మాట్లాడతారన్న నమ్మకం పెట్టుకోకూడదు. చదువయ్యాక అక్కడే స్థిరపడదామనుకుంటే భాష తప్పించుకోలేని చట్టం ఉంది. దీర్ఘకాల నివాస అనుమతికి ఏ2 స్థాయి కావాలి. పౌరసత్వానికైతే 2018 చివర్లో వచ్చిన చట్టం ప్రకారం బి1 కావాలి.

ఈ ఏ2, బి1 ఏమిటని అడిగే తల్లిదండ్రులున్నారు. యూరప్ కౌన్సిల్ 2001లో ప్రకటించిన మెట్లివి. ఏ1తో మొదలై సి2 దాకా ఆరు. ఏ1లో పేరూ ఊరూ చెప్పడం, ధర అడగడం, టైం చెప్పడం. ఏ2లో నిన్న ఏం జరిగిందో చెప్పగలగాలి, డాక్టరు దగ్గర నొప్పి ఎక్కడో చెప్పగలగాలి. బి1కి వచ్చేసరికి మన అభిప్రాయం చెప్పి, ఎందుకో కూడా చెప్పాలి. ఆపైన సంగతి మా క్లాసులో ఎవరికీ ఇంకా అవసరం పడలేదు.

ఒకటి ఒంటబట్టకుండా రెండోది ఎక్కలేం. ఎక్కించామని డబ్బు పుచ్చుకునేవాళ్ళు మాత్రం ఉన్నారు. మా మేనకోడలు భీమవరం రాకముందు ఇంకోచోట చేరింది. పేరు ఎందుకులెండి. రెండు నెలల్లో బి1 అన్నారు, ఫీజంతా ఒక్కసారే కట్టించుకున్నారు. ప్రతి సోమవారం కొత్తవాళ్ళు చేరేవారు. కొత్తవాళ్ళు చేరినప్పుడల్లా పాఠం మళ్ళీ బ్వొన్‌జోర్నో (నమస్కారం) దగ్గర మొదలు. పాతవాళ్ళు ఫోన్లు చూసుకుంటూ కూర్చునేవారు. ముగింపులో బంగారు అంచు కాగితం మీద బి1 అని అచ్చేసి చేతిలో పెట్టారు. ఆ కాగితం ఇటలీలో చెల్లదు. అక్కడ చెల్లే పరీక్షలు వేరే ఉన్నాయి. సియెనాలో విదేశీయుల విశ్వవిద్యాలయం పెట్టే చిల్స్, పెరూజాలో అలాంటి విశ్వవిద్యాలయమే పెట్టే చెలి, దాంతె అలిగియేరి సొసైటీ వారి ప్లీదా, రోమా త్రే విశ్వవిద్యాలయం వారి పరీక్ష. వీటి పేర్లు కూడా మీ వ్యాసంలో వచ్చి ఉంటే ఎందరికో డబ్బు మిగిలేది.

ఇప్పటి పంతులమ్మ పద్ధతి వేరు. పన్నెండు మంది దాటితే చేర్చుకోదు. బ్యాచి మొదలైన రెండో వారం నుంచి తలుపు మూసేస్తుంది, ఎవరు సిఫారసు చేసినా తరువాతి బ్యాచికే. మెట్టు చివర వినడం, చదవడం, రాయడం, మాట్లాడటం నాలుగింటికీ పరీక్ష. తప్పినవాళ్ళు మళ్ళీ అదే మెట్టులో కూర్చుంటారు. మా బ్యాచిలో బీటెక్ పిల్లలు ఎక్కువ. రాజోలు వైపు నుంచి చించినాడ వంతెన దాటి వచ్చే నర్సింగ్ అమ్మాయి ఒకతె. నరసాపురం నుంచి లేసు వ్యాపారి, ఉండి దగ్గర నుంచి రొయ్యల చెరువులాయన. ఆయన కొడుకు మిలాన్‌లో ఉన్నాడు.

గుంపులో నేర్చుకోవడంలోని లాభం నాకు ఒక వ్యాకరణ పాఠంలో బాగా తెలిసింది. 'వెళ్ళాను' అనడానికి మనకు ఆడా మగా తేడా లేదు. ఇటాలియన్‌లో మగవాడు సొనో అందాతొ అంటాడు, ఆడది సొనో అందాతా అంటుంది. ఫోన్లో యాప్ పెట్టుకుని ఒంటరిగా నేర్చుకునే కుర్రాడు అందాతొ ఒక్కటే పలికి పలికి, అందరికీ అదే వాడతాడు. మా గదిలో అలా కుదరదు. గుండ్రంగా కూర్చుని నిన్న ఎక్కడికి వెళ్ళామో ఒక్కొక్కరమే చెప్పాలి. పక్కన అమ్మాయి తా అంటుంది, ఎదుట అబ్బాయి తొ అంటాడు. ఇద్దరూ కలిసి సినిమాకు వెళ్తే అందాతి. అమ్మాయిలే వెళ్తే అందాతె. సూత్రం చెప్పకుండానే చెవికి పట్టింది. ఎవరైనా తప్పు చెబితే రొయ్యలాయన బల్ల మీద కొడతారు. ఆయన తప్పు చెప్పినప్పుడు మేమందరం బల్ల కొడతాం.

తెలుగును 'ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్' అంటారని ప్రతి సభలోనూ మురిసిపోతుంటాం. పొగిడినవాళ్ళలో ఒక్క ఇటాలియన్ వాక్యమైనా విన్నవాళ్ళెందరో నాకు అనుమానమే. మాటల చివర అచ్చులుంటాయన్నది చాలావరకు నిజం. కానీ చిక్కంతా ఆ అచ్చులోనే ఉంది. రగాత్సొ అంటే అబ్బాయి, రగాత్సా అంటే అమ్మాయి, రగాత్సి అబ్బాయిలు, రగాత్సె అమ్మాయిలు. చివరి అచ్చు మింగేస్తే లింగమూ వచనమూ రెండూ పోయినట్టే. మనకు కలిసొచ్చేవి ఎవరూ సభల్లో చెప్పనివి. వాళ్ళ తకారం మన తకారమే, నాలుక పళ్ళకు తాకి పలుకుతుంది. ఇంగ్లిషు మీడియం పిల్లలు దాన్ని టుట్టో అని పాడుచేస్తారు గానీ అది తుత్తొ. ద్విత్వాలంటే ఇంగ్లిషువాళ్ళు తడబడతారు, మనకు అది ఉగ్గుపాలతో వచ్చిందే. పాలా అంటే పార, పల్లా అంటే బంతి. ఈ తేడా మా లేసు వ్యాపారికి ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది. ఇంకోటి, ఇంగ్లిషులో 'నేను ఇష్టపడతాను' అన్నట్టు చెబుతారు గానీ వాళ్ళు మనలాగే 'నాకు నచ్చింది' అంటారు. ఒకటైతే మి ప్యాచె, ఎక్కువైతే మి ప్యాచ్చొనొ. 'నచ్చింది, నచ్చాయి' అని పంతులమ్మ ఒక్కసారి తెలుగులో చెప్పగానే గదంతా 'ఓస్, ఇంతేనా' అంది. ఇంగ్లిషు ద్వారా చెప్పే పుస్తకంలో దానికి నాలుగు పేజీల వివరణ ఉంది. అన్నట్టు, ఇల్లును ఉత్తర ఇటలీలో కాజా అంటారు. ఆ పాఠం రోజు తాపేశ్వరం పొట్లం తెచ్చి పంచిపెట్టింది నేనే.

పోస్టాఫీసు నాటకం గురించి చెప్పాలి. ఒకరు గుమస్తా, ఒకరు దరఖాస్తు ఇచ్చేవాళ్ళు. గుమస్తా వేషం ఎప్పుడూ రొయ్యలాయనదే. కళ్ళజోడు ముక్కు చివరికి దించి, కాగితం తిరగేసి, తల ఎత్తకుండానే "మంకా లా ఫిర్మా" అంటారు, సంతకం లేదని. సంతకం పెట్టి ఇస్తే ఫొటో లేదంటారు. ఫొటో ఇస్తే పాస్‌పోర్టు జిరాక్సు ఏదంటారు. బీటెక్ కుర్రాళ్ళకు చెమటలు పట్టేవి. పాదొవా వెళ్ళాక మా మేనకోడలు ఫోన్ చేసి, "అత్తా, ఇక్కడి ఆవిడ మన రొయ్యల బాబాయి గారికంటే చాలా నయం. ఫిర్మా ఒక్కటే అడిగింది" అంది. తనతోపాటు వెళ్ళిన ఇంకో ఊరి పిల్లలిద్దరి తరఫున కూడా తనే మాట్లాడిందట. ఆ పిల్లల దగ్గరా బంగారు అంచు కాగితాలున్నాయట.

ఏ2లో ఒక చదువు పాఠం వచ్చింది. ఉత్తర ఇటలీలోని వెర్చెల్లి, నొవారా వరి పొలాల గురించి. ఇటలీ అంటే పీజా, చర్చీలు తప్ప ఏమీ ఊహించని పిల్లలు వరి అనగానే నిటారుగా కూర్చున్నారు. పో నదిలోంచి కివాస్సొ దగ్గర మొదలయ్యే కవూర్ కాలువను 1863లో తవ్వడం మొదలుపెట్టి 1866లో పూర్తిచేశారు. మన ధవళేశ్వరం ఆనకట్ట అయిన పదిహేనేళ్ళలోపే. ఒకప్పుడు ఆ చేలల్లో మోకాలి లోతు నీళ్ళలో వంగి కలుపు తీసిన ఆడవాళ్ళను మొందీనె అనేవారు. ఎండాకాలంలో దూరపు ఊళ్ళ నుంచి గుంపులుగా వచ్చేవారు. కలుపు మందులూ యంత్రాలూ వచ్చాక ఆ పని పోయింది. చెరువులు తవ్వకముందు మా రొయ్యలాయన కూడా వరి రైతే. అంతవరకూ గుమస్తా వేషంలో తప్ప పూర్తి వాక్యం పలకని మనిషి, ఆ రోజు లేచి "సోలో ఉన్ రక్కొల్తొ?" అని అడిగారు. ఒక్క పంటేనా అని. అవునని పంతులమ్మ చెబితే, దాళ్వా, అంటే రెండో పంట, ఎందుకు లేదో తేలేదాకా వదల్లేదు. చలికాలం, మంచు, గడ్డకట్టే నేల, వీటన్నిటికీ మాటలు వెతుక్కుంటూ గంటన్నర గడిచింది. వెర్చెల్లి కూలీల రోజుకూలి నర్సింగ్ అమ్మాయి అడిగింది. వాళ్ళమ్మ ఊడ్పులకు వెళ్తుంది.

ఒక్కరికి ఒక్క టీచరు పెట్టి ఆన్‌లైన్లో చెప్పించుకునే స్తోమత ఉన్నవాళ్ళను కాదనను. మాకు ఆ స్తోమత లేదు. ఉన్నా ఈ దాళ్వా చర్చ అందులో జరిగేది కాదు.

ఇక అడగవలసింది అడుగుతాను. మా ఇంటిపన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్నాం. గ్రంథాలయోద్యమానికి పితామహుడనిపించుకున్న అయ్యంకి వెంకట రమణయ్య గారు పుట్టిన కొంకుదురు ఈ గోదావరి గడ్డ మీదే ఉంది. పోటీ పరీక్షల పుస్తకాలకు గ్రంథాలయాల్లో చోటిచ్చినట్టే, భాష నేర్చుకునే చిన్న బ్యాచిలకూ సాయంత్రం పూట చోటివ్వాలి. ఇటాలియన్ ఒక్కటే అననండీ, జర్మన్ కోసం తిరిగే నర్సులు మన జిల్లాలో చాలామంది ఉన్నారు. చోటు ఇచ్చేటప్పుడు ఒక్క షరతు పెట్టండి: బ్యాచి మొదలయ్యాక మధ్యలో ఎవరినీ చేర్చకూడదని. మీరు కూడా ఈసారి విదేశీ చదువుల పేజీ వేసేటప్పుడు, పక్కనే వచ్చే 'రెండు నెలల్లో బి1' ప్రకటన ఒక్కసారి చదివి వేయండి. గత ఆదివారం ఆ వ్యాసం కిందే ఉంది.

మా తరువాతి బ్యాచి సంక్రాంతి వెళ్ళాక మొదలవుతుంది. క్లాసు జరిగే మేడ మీది గదికి అద్దె పెంచారు, దాంతో ఫీజూ పెరిగింది. నర్సింగ్ అమ్మాయి మానేస్తానంటోంది. ఈ ఉత్తరం గ్రంథాలయ సంస్థవారి కంటపడితే మేమడిగేది ఒక గది, ఒక నల్లబల్ల, ఆరు నుంచి ఏడున్నర దాకా లైటు. ఫ్యాను కూడా తిరిగితే సంతోషం.

— ఒక రిటైర్డ్ తెలుగు టీచరు, పాలకొల్లు