ఆగితే కొడతారని పరుగెత్తినవాళ్లు

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన నెల మా తిరుపతిలోనే ఒక రోడ్డులో రాత్రి పదకొండు గంటలప్పుడు ఇద్దరు పిల్లకాయలు బండి మీద పోతూ డివైడర్‌ను కొట్టుకున్నారు. రోడ్డు పేరు రాయను, తెలిసినవాళ్లకు తెలుస్తుంది. వెనక కూర్చున్న పిల్లోడు తెల్లారేసరికి ఆస్పత్రిలో పోయినాడు. తోలినవాడు అక్కడి నుంచి పరుగెత్తి, రెండు రోజులకు శ్రీకాళహస్తిలో వాళ్ల పిన్నమ్మ ఇంట్లో దొరికినాడు. మీ జిల్లా పేజీలో వార్త వేసినారు. స్నేహితుణ్ణి వదిలి పరారైనాడని పైన పెద్దక్షరాల్లో పెట్టినారు. అబద్ధమేమీ కాదు. కానీ ఆ పరుగుకు ముందు ఒక నిమిషం ఉంది. దాని గురించి రాద్దామని కూర్చున్నాను.

నేను ఆర్టీసీలో 31 ఏళ్లు డ్రైవర్‌గా చేసి 2018లో రిటైరైనాను. చివరి 11 ఏళ్లు తిరుమల ఘాట్‌లో తోలినాను. చనిపోయిన పిల్లోడి నాయన మా వీధిలోనే ఉంటాడు. ఆటో తోలతాడు, నన్ను అన్నా అని పిలుస్తాడు.

వార్త వచ్చిన పొద్దున వీధి మొదట్లో టీ అంగడి దగ్గర ఒకటే మాటలు. "కొవ్వెక్కి పోయినారబ్బా." "ఇట్లాంటోళ్లు పోతేనే రోడ్డుకు శని వదిలేది." "వీళ్లను కాదు, బండి కొనిచ్చిన నాయనను తన్నాల." ఆ నాయన అప్పుడు ముప్పై అడుగుల దూరంలో, ఇంటి ముందర షామియానా కింద కూర్చోనున్నాడు. బండి ఆయన కొనిచ్చింది కాదు. ఆయన కొడుకు తోలనూ లేదు. టీ అంగడికి ఈ తేడాలతో పని లేదు. నేనూ ఆ బెంచీ మీదనే ఉన్నాను. నోరు తెరవలేదు. టీ తాగి, గ్లాసు పెట్టి, వచ్చేసినాను.

కర్మ అయిపోయిన మూడో రోజు ఆయన ఫోన్ పట్టుకొని మా ఇంటికి వచ్చినాడు. దాంట్లో వాట్సాప్‌లో తిరిగిన వీడియో. 3 నిమిషాల 40 సెకన్లు. "అన్నా, నువ్వు డ్రైవర్‌వి, ఇట్లాంటివి చూసినోడివి. ఈడ చూడు, కాలు కదిలినట్టుంది గదా?" అన్నాడు. కళ్లజోడు పెట్టుకొని చూసినాను. కదిలింది. రెండుసార్లు.

వీడియోలో తోలినవాడు మోచెయ్యి చిట్లిపోయి నిలబడి ఉన్నాడు. ఒకాయన వాడి కాలరు పట్టుకొని "తాగినావా రా? నోరు ఊదు" అంటున్నాడు. వాడు "అన్నా, ముందర మావాణ్ణి చూడండన్నా" అంటున్నాడు. చెంప మీద ఒకటి పడింది. "యాడిది రా మీది, మీ నాయనెవడు?" ఇంకొకటి. వాడు మళ్లీ అదే మాట అన్నాడు. మూడో దెబ్బకు చొక్కా చిరిగి కాలరు ఆ మనిషి చేతిలో ఉండిపోయింది, వాడు పరుగెత్తినాడు. పది మంది వాడి వెనక పడినారు. వీడియో తీసేవాడూ వాళ్ల వెంటనే పోయినాడు. అందుకని ఆ తర్వాత కింద పడి ఉన్న పిల్లోడు దాంట్లో కనిపించడు. మిగతా రెండు నిమిషాలూ చీకటి, చెప్పుల చప్పుడు, బూతులు.

ఆటో ఆయన ఫోన్ జేబులో పెట్టుకొని అన్నాడు: "వాడి మొహం చూడబుద్ధి కాదన్నా నాకు. బండిని అంత స్పీడుగా ఎవడు తోలమన్నాడు వాణ్ణి? కానీ అంతమందిలో నా కొడుకును చూడండని అనింది వాడొక్కడే."

ఇప్పుడు నా సంగతి చెప్పాల. ఇది మా ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ పూర్తిగా తెలియదు.

2003లో నేను తిరుపతి నుంచి చిత్తూరుకు ఎక్స్‌ప్రెస్ తోలుతున్నాను. పనపాకం దాటినాక, ఎదురుగా వచ్చే లారీని ఓవర్‌టేక్ చేస్తూ ఆర్ఎక్స్ 100 మీద ఇద్దరు పిల్లోళ్లు నా మీదికి వచ్చేసినారు. స్టీరింగ్ ఎడమకు కోసి బ్రేకు తొక్కినాను. బస్సు కుడి మూల తగిలింది. బండి చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది, పొలాల్లో నుంచి జనం వచ్చేసినారు. ముందు అద్దం పగిలింది. నా పక్క తలుపు పట్టి లాగుతున్నారు. మా డిపోలో సీనియర్లు మొదటి రోజే చెప్పే మాట ఒకటుంది: యాక్సిడెంట్ అయితే ఆగొద్దు, స్టేషన్‌కు పో, ప్రాణం ఉంటే తర్వాత చూసుకోవచ్చు. నేను ప్యాసింజర్ల మధ్యలో నుంచి వెనక తలుపు దిగి, చెరకు తోటలో పడి, ఎవరిదో ట్రాక్టరెక్కి చంద్రగిరి స్టేషన్‌లో లొంగిపోయినాను.

నా సీటు వెనక ఫస్ట్ ఎయిడ్ పెట్టె ఉంది. కట్టు కట్టడం నాకు ట్రైనింగ్‌లో నేర్పినారు. 108 అప్పటికి లేదు, అది 2005 ఆగస్టు 15న మొదలైంది. వెనక కూర్చున్న పిల్లోడికి తొడ దగ్గర తెగి రక్తం పోయింది. కండక్టరే పాపం ఒక వ్యాన్ ఆపి ఇద్దరినీ ఎక్కించినాడు. దారిలోనే ఆ పిల్లోడు పోయినాడు. కట్టు కట్టి ఉంటే బతికేవాడని నేను అనను, నేను డాక్టర్‌ను కాదు. కట్టడం వచ్చినవాడు చెరకు తోటలో ఉన్నాడు, అంతే.

నిర్లక్ష్యంగా తోలి మనిషి చావుకు కారణమైనానని 304-ఎ కింద కేసు, సస్పెన్షన్, ఎంక్వయిరీ. నాలుగేళ్లు తిరిగినాను. ఊళ్లో లెక్క తెలిసిందే, పెద్ద బండిదే తప్పు. ఒక వాయిదాకు, ఆర్ఎక్స్ తోలిన పిల్లోడు కాలిలో రాడ్డు, చేతిలో కట్టెతో వచ్చి బోనెక్కినాడు. "ఆ డ్రైవర్ తప్పు లేదు సార్. నేనే రాంగ్ సైడ్ వచ్చినాను" అన్నాడు. అంతే, ఇంకేమీ చెప్పలేదు. కేసు కొట్టేసినారు, నా ఉద్యోగం నాకొచ్చింది. ఈ రోజు నాకొచ్చే ఈపీఎఫ్ పింఛను కొంచెమే, మా రిటైరైనవాళ్లను ఎవరిని అడిగినా చెబుతారు. ఆ కొంచెం కూడా ఆ ఒక్క మాటతో వచ్చింది.

వాడికేం వచ్చింది? స్నేహితుణ్ణి చంపింది చాలక, వాళ్లకు రావలసిన నష్టపరిహారానికి కూడా అడ్డం పడినాడని ఊరంతా తిట్టినారు. పలకరించేవాళ్లు లేరంట. కొన్నాళ్లకు బెంగళూరుకు పోయినాడని విన్నాను. చనిపోయిన పిల్లోడి తల్లిదండ్రులకు ఆ మాట ఎంత నష్టం చేసిందో కూడా నాకు తెలుసు, దాన్ని కాదనను. కానీ మొత్తం ఆ వ్యవహారంలో, నన్ను కూడా కలుపుకొని చెబుతున్నాను, తన తప్పు తను చెప్పుకున్నది ఆ ఒక్క పిల్లోడే. అందరి నోళ్లలో నానిందీ వాడే.

2024 జనవరిలో లారీ డ్రైవర్లు సమ్మె చేస్తే పెట్రోల్ బంకుల ముందర క్యూలు కట్టినాము, గుర్తుందా? గుద్ది, చెప్పకుండా పారిపోతే పదేళ్ల దాకా జైలని కొత్త చట్టంలో పెట్టినందుకు. అప్పుడు డ్రైవర్లు ఒకటే అడిగినారు: ఆగితే జనం చంపుతారు, పోతే చట్టం పదేళ్లు వేస్తుంది, మేమేం చెయ్యాల? అదే ఏడాది జులై 1న కొత్త చట్టం అమల్లోకి వచ్చినప్పుడు ఆ ఒక్క భాగాన్ని పక్కన పెట్టినారు. కాపాడేవాణ్ణి పోలీసులు, కోర్టులు సతాయించకూడదని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది. 2019లో మోటారు వాహనాల చట్టంలోకి కూడా 134ఎ అని వచ్చింది. అదే సవరణలో మైనర్ బండి తోలితే తండ్రికో, బండి ఓనరుకో మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా అని కూడా ఉంది. అంటే తన్నాల్సినవాళ్లను తన్నడానికి చట్టం ఉంది. టీ అంగడి తన్నక్కర్లేదు.

పిల్లోళ్లను వెనకేసుకొస్తున్నానని అనుకోవద్దు. ఘాట్‌లో నేను తిట్టినన్ని తిట్లు ఎవరూ తిట్టి ఉండరు. కొండకు ఒక లెక్క ఉంది, ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు, అంతకన్నా ముందు చేరితే జరిమానా. మన పిల్లకాయలు ఏం చేస్తారంటే, రయ్యిమని టర్నింగుల్లో పడుకోబెట్టి వచ్చేసి, గేటుకు ముందర చెట్టు కింద బండ్లు నిలిపి సెల్ఫీలు తీసుకుంటూ టైము అయ్యేదాకా కూర్చుంటారు. టర్నింగ్‌లో నా బస్సు ముందర అడ్డం పడినవాళ్లను అక్కడ చూసి, కిటికీలో నుంచి వాళ్ల ఏడు తరాలనూ తలుచుకునేవాణ్ణి. తప్పేం లేదు, బతికి ఉన్నవాణ్ణి తిట్టొచ్చు. నేనేమన్నా తక్కువా? పందొమ్మిదేళ్లప్పుడు పుత్తూరులో క్లీనర్‌గా ఉంటూ, ఓనరు నిద్రపోతుంటే లైసెన్స్ లేకుండా లారీ తీసుకపోయి చెరువు కట్ట దింపినాను. ఎదురుగా మనిషి రాలేదు, ఒక బర్రె వచ్చింది, అదీ తప్పుకుంది. ఓనరు బెల్టుతో వాయించి, తర్వాత హోటల్లో ఇడ్లీ తినిపించినాడు. ఆ కట్ట మీద ఎవరైనా వచ్చి ఉంటే ఈ ఉత్తరం నా గురించి ఇంకెవరో రాసేవాళ్లు.

హెల్మెట్ పెట్టుకోక 2022లో దేశంలో 50,029 మంది పోయినారని కేంద్రం లెక్క. వాళ్లందరూ కొవ్వెక్కినవాళ్లేనా? పాల ప్యాకెట్టుకు పోయేటప్పుడు నేను కూడా పెట్టుకోను. మా వీధిలో ఎవరూ పెట్టుకోరు.

పూణేలో 2024 మేలో డబ్బున్న ఇంటి మైనర్ కారుతో గుద్ది ఇద్దరిని చంపితే 300 పదాల వ్యాసం రాయమని బెయిలిచ్చినారే, అప్పుడు దేశమంతా కోపం వచ్చింది. నాకూ వచ్చింది. అది న్యాయమైన కోపం, తీర్పు వ్యవహారం మీద, దాని వెనక డబ్బు మీద. మా రోడ్డులో కాలరు చినిగిన పిల్లోడి నాయన బేల్దారి మేస్త్రి. అక్కడ చూపించలేని కోపమంతా ఇక్కడ చూపిస్తే ఎట్ల?

ఆ మేస్త్రి పోయిన ఆదివారం నా దగ్గరికి వచ్చినాడు. ఎవరో పెద్దమనుషులు సలహా ఇచ్చినారంట: వీడియోలో బండి ఎవరు తోలినారో లేదు కదా, చనిపోయినవాడే తోలినాడని చెప్పించు, కేసు తేలికైపోతుంది అని. "వీడు వినడం లేదు సార్. నేనే తోలినాను, నేనే చెప్తాను అంటాడు. అన్నం తినడు. మీరు పోలీసు కేసులు, కోర్టులు చూసినోళ్లు, మీరన్నా కొంచెం చెప్పండి వాడికి" అన్నాడు. అంటే కొడుకును అబద్ధానికి ఒప్పించమని. ఆ నాయనను కూడా నేను తప్పు పట్టలేను. మళ్లీ ఎవరో వచ్చి కొడతారని పిల్లోణ్ణి ఇంట్లో నుంచి బయటికి పంపడం లేదంట.

పనపాకం కథ ఆయనకు మొదటి నుంచి చెప్పినాను. చెరకు తోట కూడా చెప్పినాను. మధ్యలో ఏమీ అడగలేదు. చివర్లో మాత్రం "ఆ పిల్లోడు మళ్లీ ఊరికి రాలేదా?" అని అడిగినాడు. నాకు తెలిసి రాలేదన్నాను. నీళ్లు తాగి, సైకిల్ తీసుకొని పోయినాడు.

ఈ ఉత్తరం వేస్తే నా పేరు వేయొద్దు. టీ అంగడికి భయపడి కాదు. నా పేరు తెలిస్తే వీధి తెలుస్తుంది, వీధి తెలిస్తే ఆ రెండిళ్లూ తెలిసిపోతాయి. ఛార్జిషీటు ఇంకా వేయలేదు. వేసినప్పుడు, ఆ పిల్లోడు ఏం చెప్పినా, మీ విలేకరిని ఒకసారి ఆ వీడియో మొదటి నిమిషం కూడా చూసి రాయమనండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఆర్టీసీ డ్రైవర్,
తిరుపతి