గీత దాటే షటిల్‌కు కారణం ఎండ

సంపాదకులకు నమస్కారం.

వేసవి బ్యాడ్మింటన్ శిబిరాల్లో షటిల్ గీత దాటిందంటే తప్పు పిల్లలదేనని తిట్టేస్తున్నారు. ఎండకు గాలి పలచబడి షటిల్ ఎక్కువ దూరం పోతుంది. షటిల్ డబ్బా మీది 76, 77, 78 అంకెలు వేగానివి, అంకె పెరిగితే వేగమూ పెరుగుతుంది. అంకె పెద్దదైతే సరుకు మేలనుకుని కొనేవాళ్లే ఎక్కువ! మన దగ్గర చలికాలంలో 77తో ఆడేవాళ్లు ఎండల్లో 76కు దిగాలి.

నిబంధనల్లోనే పరీక్ష ఉంది. వెనక గీత మీద నిలబడి, కింది నుంచి పైకి, పక్క గీతకు సమాంతరంగా బలంగా కొట్టాలి. అవతలి వెనక గీతకు 530 నుంచి 990 మిల్లీమీటర్ల ఇవతల పడితే వేగం సరైనదే. గీతకు మరీ దగ్గరగా పడితే అంకె తగ్గించాలి. స్థానిక టోర్నీల్లో ఈ రెండు నిమిషాల పని ఎవరూ చేయరెందుకో.

షటిల్‌లోని 16 ఈకలూ ఒకే వైపు రెక్కవి కావాలి, కలగలిపితే షటిల్ తూలుతుంది. ఈకలు ఎండిపోతే నాలుగు స్మాష్‌లకే విరుగుతాయి. ముందురోజు రాత్రి డబ్బాకు కాస్త ఆవిరి పట్టించి మూతపెడితే ఎక్కువసేపు నిలుస్తాయి. షటిల్ అడుగునుండే బిరడాను మాత్రం తడవనివ్వకండి, బరువెక్కుతుంది.

– ఓ బ్యాడ్మింటన్ అభిమాని, హైదరాబాద్