యథార్థమా, కల్పితమా? నిర్మాతలే చెప్పాలి

సంపాదకులకు,

అయ్యా,

గత వారం రామంతాపూర్ నుంచి ఉప్పల్ వైపు వెళ్తుంటే ఒక ప్రహరీ గోడ మీద కొత్త సినిమా పోస్టరు కనబడింది. అందులో పేరున్న నటుడెవరూ లేడు. ఒక పాడుబడిన బావి, దాని గట్టు మీద చిన్న పిల్ల చెప్పు, కింద ఎర్రటి అక్షరాల్లో ‘యథార్థ సంఘటనల ఆధారంగా’ అన్న మాట, అంతే. ఇటువంటి చిత్రాలు మొదలవుతూనే తెర మీద ఇంకో ప్రకటన వస్తుంది. ఇందులోని పాత్రలూ సంఘటనలూ కేవలం కల్పితమని, ఎవరినైనా పోలి ఉంటే అది యాదృచ్ఛికమని. టికెట్ అమ్ముకోవడానికి యథార్థం, కోర్టు నోటీసు వస్తే చూపించడానికి కల్పితం అన్నమాట. కింది కోర్టుల్లో గుమస్తాగా చేరి సూపరింటెండెంటుగా రిటైరైన నాకు, ఒకే మనిషి ఒకే విషయం మీద రెండు రకాల వాంగ్మూలం ఇస్తే క్రాస్ పరీక్షలో ఏమవుతాడో తెలుసు. సినిమావాళ్లను అడిగేవాళ్లే లేరు.

చిన్న నిర్మాతకు ఇలాంటి కథ మీద మోజు ఎందుకో ఊహించడం కష్టం కాదు. స్టార్ అక్కర్లేదు, కేసే స్టార్. కథకు ఎవరికీ పైసా కట్టనక్కర్లేదు, ఛార్జిషీటు ఉంది. ప్రచారం టీవీ చానళ్లు నెలల తరబడి ఉచితంగా చేసి పెట్టే ఉంటాయి. ఒక ఇల్లు, ఒక బావి, కృష్ణానగర్ నుంచి పిలిపించుకున్న నలుగురు కొత్తవాళ్లు ఉంటే చాలు. అయినా తక్కువ ఖర్చుతో తీయడమే నేరమని నేను అనను. 1986 నాటి ‘హెన్రీ: పోర్ట్రెయిట్ ఆఫ్ ఎ సీరియల్ కిల్లర్’ అనే అమెరికన్ చిత్రాన్ని దాదాపు లక్షా పదివేల డాలర్లతోనే తీశారు, విమర్శకులు ఇప్పటికీ దాన్ని గౌరవంగానే తలుస్తారు. కాని దానికి ప్రేరణ అయిన హెన్రీ లీ లూకస్ వందల హత్యలు చేశానని పోలీసుల ముందు ఒప్పుకున్నవాడు. ఆ ఒప్పుకోళ్లలో చాలా భాగం అబద్ధాలని తర్వాత తేలింది. ఏ హత్యకు అతడికి మరణశిక్ష పడిందో ఆ హత్య జరిగినప్పుడు అతడు అసలు టెక్సస్‌లో ఉన్నాడా అన్న అనుమానంతో 1998లో ఆ రాష్ట్ర గవర్నరే శిక్షను యావజ్జీవంగా మార్చారు. అంత మంచి చిత్రానికే ఆ గతి పడితే, మూడు వారాల్లో చుట్టేసే మన చిత్రాల్లో యథార్థం ఎంత ఉంటుందో వేరే చెప్పాలా?

మన దేశంలోనూ ఇంతే. నోయిడా దగ్గర నిఠారీలో 2006 డిసెంబరులో పిల్లల ఎముకలు బయటపడినప్పుడు ఇద్దరిని రాక్షసులుగా దేశమంతా తీర్మానించింది. 2023 అక్టోబరులో అలహాబాద్ హైకోర్టు వాళ్లను నిర్దోషులన్నది. వాళ్లలో ఒకరి మీద మిగిలిన చివరి కేసును కూడా 2025 నవంబరులో సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఈలోగా ఆ పేర్లతో అల్లిన కథలను వెనక్కి తీసుకునేవారెవరు? తీర్పు వస్తే పత్రిక సవరణ వేస్తుంది, సినిమాకు సవరణ లేదు.

అసలు నిజమైన మనుషుల జీవితాల మీద రాసే స్వేచ్ఛకు సంబంధించి సుప్రీంకోర్టు ఇచ్చిన ముఖ్యమైన తీర్పు కూడా ఒక వరుస హంతకుడి కేసులోనే వచ్చింది. జైల్లో ఉన్న ఆటో శంకర్ ఆత్మకథను ఒక తమిళ పత్రిక అచ్చు వేయబోతే అధికారులు అడ్డుపడ్డారు. 1994 అక్టోబరులో, మన హైకోర్టులో పనిచేసి వెళ్లిన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి గారు రాసిన ఆ తీర్పు పత్రిక పక్షాన నిలిచి, కోర్టు రికార్డుల్లో ఉన్నదాన్ని అనుమతి లేకుండానే ప్రచురించవచ్చని చెప్పింది. నిర్మాతలు ఈ ముక్క వరకే చదువుతారు. అదే తీర్పు ఆ వెంటనే ఒక మినహాయింపు కూడా చెప్పింది: లైంగిక దాడికో అపహరణకో గురైన స్త్రీ పేరునూ ఆ ఘటననూ ప్రచారంలో పెట్టి ఆమెను మళ్లీ అవమానించరాదని. బాధితులు మైనర్లయితే, పిల్లల మీద లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం 23వ సెక్షన్ ఇంకా ముందుకు వెళ్లి, పేరూ ఫొటోయే కాదు, బడి, ఇరుగుపొరుగు వంటి ఆనవాలు పట్టించే ఏ వివరమూ మీడియాలో రాకూడదంటుంది. సినిమాలో పేరు మాత్రం మారుస్తారు. బావి అదే, బైకు అదే, బడి యూనిఫాం రంగు కూడా అదే. ఆ ఊరివాళ్లకు ఎవరి పిల్లో తెలియకపోతుందా?

మన బొమ్మలరామారం మండలంలోని ఒక ఊరి సంగతే తీసుకోండి. ఊరి పేరు కావాలనే రాయడం లేదు. దండుపాళ్యం అన్న ఊరి పేరు మనకు సినిమా పేరుగా, ముఠా పేరుగా తప్ప ఊరిగా గుర్తుకు రావడం ఎప్పుడో మానేసింది. బొమ్మలరామారం మండలంలోని ఆ ఊళ్లో 2019లో ముగ్గురు ఆడపిల్లల అవశేషాలు వ్యవసాయ బావుల్లో దొరికాయి. వాళ్లలో ఒక పాప 2015లోనే కనబడకుండా పోయింది. 2020 ఫిబ్రవరిలో నల్గొండ ప్రత్యేక కోర్టు నిందితుడికి మరణశిక్ష విధించింది. కాని ఆ ఊరివాళ్లు రోడ్డెక్కి అడిగింది ఒక్క శిక్షే కాదు, తమ పిల్లలు చదువుకుని ఇంటికి రావడానికి ఒక బస్సు కూడా. బస్సు లేకనే కదా దారిన పోయేవాడి బైకు ఎక్కవలసి వచ్చింది! నాలుగేళ్ల పాటు ఒక పాప జాడ ఎందుకు తీయలేదన్నది, బస్సు ఎందుకు లేదన్నది నిజంగా యథార్థ సంఘటనలే. అవి తీయడానికీ పెద్ద ఖర్చు కాదు. ఆ పోస్టరు మీద మాత్రం బావి ఉంది, చెప్పు ఉంది, బస్సు లేదు.

సెన్సారు సర్టిఫికెట్ ఇచ్చేవారు దృశ్యాలు చూసి వయసు నిర్ణయిస్తారే గాని, చనిపోయిన పిల్ల తల్లిదండ్రులకు కబురు చేశారా అని అడగరు. నేరుగా ఓటీటీలో వచ్చేవాటికి ఆ సర్టిఫికెట్ కూడా అక్కర్లేదు, 2021 నిబంధనల ప్రకారం ఆ సంస్థలే వయసు నిర్ణయించుకుంటాయి. నిషేధించమని నేను కోరడం లేదు. ‘యథార్థం’ అని ప్రకటించుకున్న నిర్మాత ‘కల్పితం’ అన్న కార్డు వేయకూడదని, షూటింగుకు ముందే బాధిత కుటుంబానికి రాతపూర్వకంగా తెలియజేయాలని, అప్పీలు పెండింగులో ఉంటే ఆ మాట తెర మీద రాయాలని మాత్రమే అడుగుతున్నాను. ఫిల్మ్ చాంబర్ తలచుకుంటే ఇందుకు కొత్త చట్టం కూడా అవసరం లేదు.

మీ పత్రిక సినిమా పేజీలోనూ ఇటువంటి ప్రకటనలు వస్తుంటాయి. వాటిని తీసుకునేటప్పుడు ఆ రెండు వాక్యాల్లో ఏది నిజమో నిర్మాత చేత రాయించుకుని, ఆ తర్వాతే అచ్చు వేయవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత కోర్టు ఉద్యోగి,
రామంతాపూర్, హైదరాబాద్