సర్వసభ్య సమావేశానికి సమర్పిస్తున్న వార్షిక నివేదిక (2024–25)

అధ్యక్షురాలు గారికి, కార్యవర్గానికి, దేవరకొండ, చందంపేట, నేరేడుగొమ్ము, డిండి మండలాల నుంచి పనులు మానుకుని వచ్చిన సభ్యులందరికీ నమస్కారాలు. ఈ సభకు గది ఇచ్చిన బడి వారికి, పొద్దుటి నుంచి టీ కాస్తున్న పొదుపు సంఘం అక్కలకు, మైకు సెట్టుకు కిరాయి వద్దన్న తమ్ముడికి ముందుగా ధన్యవాదాలు.

మన ఆశయాలు మీకు తెలిసినవే కాబట్టి మళ్లీ చదవను. తీర్మానాల పుస్తకంలో ‘పునరుత్పత్తి హక్కులు’ అని రాసుకున్న మాట తండాల్లో ఎవరికీ ఎక్కలేదు. ‘ఎప్పుడు కనాలి, ఎందరిని కనాలి, కాన్పు ఎట్లా కావాలి అన్నది చెప్పాల్సింది ఆమే’ అని చెబితే మాత్రం వెంటనే అర్థమైంది. అందుకే ఈ ఏడాది కరపత్రాల్లో ఆ వాక్యమే వాడాం.

తండాలకు, ఎస్సీ కాలనీలకు వెళ్లినప్పుడు ఒక అట్ట ముక్క తీసుకుపోయాం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అంకెలు పెద్ద అక్షరాలతో దాని మీద రాశాం. తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రిలోనే అవుతున్నాయి. సిజేరియన్లు 60.7 శాతం, దేశంలో మరే రాష్ట్రంలోనూ ఇన్ని లేవు. ప్రైవేటులో 81.5, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5. దేశమంతా కలిపి చూస్తే 21.5. ఒక తండాలో ఈ అట్ట చూసి ఒక పెద్దమ్మ తన ముగ్గురు కోడళ్లను వేళ్ల మీద లెక్కపెట్టింది. ముగ్గురికీ కోతే. చిన్న కోడలు ఇప్పటికీ పత్తి తీసేటప్పుడు నడుము పట్టుకుని కూర్చుంటుందట.

సిజేరియన్‌కు మనం వ్యతిరేకం కాదు. బిడ్డ అడ్డం తిరిగినా, తల్లికి ఫిట్స్ వచ్చినా ప్రాణం కాపాడేది అదే. ఈ మాట ప్రతి సభలోనూ చెప్పాం, మీరూ చెప్పాలి. ముహూర్తం చూసి కోయించుకోవడాన్నీ, నొప్పులకు భయపడి ‘కోసి తీయండి’ అని ఇంటివాళ్లే అడగడాన్నీ, ఓపిక పట్టే మనిషి లేక కోయడాన్నీ మనం ప్రశ్నిస్తున్నాం. తొలి కాన్పుకు నొప్పులు పన్నెండు, పద్నాలుగు గంటలు సాగడం మామూలే. అంతసేపు పక్కన కూర్చుని, నడుము రాసి, బిడ్డ గుండె చప్పుడు వింటూ, ‘అంతా బాగుందమ్మా’ అని చెప్పే మనిషి మన కాన్పు గదుల్లో లేదు. ఉన్న ఒక్క డాక్టరమ్మ ఓపీ చూస్తుంది, ఆపరేషన్లూ చేస్తుంది. ఆమెను తప్పుపట్టి లాభం లేదు.

ఆ పనికే మిడ్‌వైఫ్, అంటే కాన్పులు చేయడంలో ప్రత్యేక శిక్షణ పొందిన నర్సు కావాలి. మన రాష్ట్రంలోనే 2017లో కరీంనగర్‌లో 30 మంది నర్సులతో 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలైంది. కేంద్ర ప్రభుత్వం దేశమంతటికీ మార్గదర్శకాలు తెచ్చింది ఆ తర్వాతే, 2018 డిసెంబర్‌లో. దారి చూపించిన రాష్ట్రంలో ఉంటూ మన తండాల ఆడవాళ్లు ఆ సేవ కోసం ఎదురుచూడాల్సి రావడం నాకు చాలా బాధగా ఉంది.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోదగ్గది మే 5న జరిపిన అంతర్జాతీయ మిడ్‌వైఫ్‌ల దినోత్సవం. పార్లమెంటు ఎన్నికల కోడ్ ఉండటంతో అనుమతి కోసం నాలుగు చోట్ల తిరిగాం. ఇది పార్టీ సభ కాదని రాసిచ్చాకే ఒప్పుకున్నారు. ఎండ మండిపోతోంది. ఎవరూ రారేమోనని ముందు రాత్రంతా టెన్షన్. తీరా పొద్దున పది గంటలకే వేపచెట్ల నీడ సరిపోక గోడ పక్కన టార్పాలిన్ కట్టాల్సి వచ్చింది.

వేరే జిల్లాలో పనిచేస్తున్న ఒక మిడ్‌వైఫ్ నర్సు ఆదివారం సెలవు వదులుకుని రెండు బస్సులు మారి వచ్చింది. కటి ఎముక నమూనాలో గుడ్డ బొమ్మను తిప్పుతూ బిడ్డ తల ఎట్లా వంగి, పక్కకు తిరిగి బయటికొస్తుందో చూపించింది. వెల్లకిలా పడుకోబెడితే దారి ఇరుకవుతుందని, కూర్చుంటేనో మోకాళ్ల మీద ఉంటేనో బిడ్డ బరువే సాయపడుతుందని చెప్పింది. ఏ భంగిమ కావాలో తల్లే ఎంచుకోవాలని 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పిందని వివరించింది.

ముందు వరుసలో మనం సన్మానానికి పిలిచిన మంత్రసానమ్మ ఉంది. డెబ్భై ఐదు దాటిన మనిషి. కుంచెడు జొన్నలకో పాత చీరకో ఊరందరి కాన్పులూ చేసింది. శాలువా కప్పబోతుంటే ‘ఆగు బిడ్డా’ అని లేచి, మైకు స్టాండును రెండు చేతుల్తో పట్టుకుని గొంతుక్కూర్చుంది. ‘మేం గిట్లనే దూలానికి తాడు గట్టి కూసోబెట్టెటోళ్లం’ అంది. నర్సమ్మ కింద కూర్చుని వెనక నుంచి ఆమె నడుముకు చేతులు ఆనించింది. ‘ఆఁ, గట్లనే పట్టాలె’ అంది ముసలమ్మ. చప్పట్లు చాలాసేపు మోగాయి. అవి ఆగాక ఆమె చెప్పిన మాట నివేదికలో ఉండి తీరాలి: ‘గని నెత్తురు ఆగకపోతే మాతోని కాకపోయేది. ఇద్దరు నా చేతులల్లనే పోయిండ్రు. అందుకే నా బిడ్డను దవాఖానకే తోలిచ్చిన.’

ఆ రోజు నుంచి మన డిమాండు ఏమిటో ఎవరికీ వివరించే పని లేకపోయింది. ఇంటి కాన్పులకు తిరిగి పొమ్మని మనం అనడం లేదు. ఆ తోడు, ఆ ఓపిక దవాఖానలో కావాలి, అవసరమైతే రక్తమూ, ఆపరేషనూ పక్క గదిలోనే ఉండాలి.

కోడ్ ముగిసి, కలెక్టరేట్‌లో సోమవారాల్లో అర్జీలు తీసుకునే ప్రజావాణి మళ్లీ మొదలయ్యాక వినతిపత్రం ఇచ్చాం. కాన్పు సమయంలో తల్లికి తోడుగా ఒక ఆడమనిషిని ఉండనివ్వాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే చెప్పింది. దాని నకలు జతపరిచాం. మొదటి సోమవారం కాగితం తీసుకున్నారు. తర్వాత వెళితే ‘కింది ఆఫీసుకు పంపాం’ అన్నారు. అక్కడికి వెళితే చూడాల్సిన అధికారి బదిలీ అయ్యారు. కొత్తగా వచ్చినవారు మొదటి నుంచి చెప్పమన్నారు. రసీదులన్నీ ఫైల్లో ఉన్నాయి, చూడాలనుకున్నవారు సభ తర్వాత చూడొచ్చు. పేదింటి ఆడవాళ్ల నొప్పి ఒక టేబుల్ మీంచి ఇంకో టేబుల్‌కు మారడానికి ఇన్ని నెలలు పడితే ఎట్లా?

అయినా ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు బల్లల మధ్య తెరలు వచ్చాయి, తల్లి పక్కన ప్లాస్టిక్ కుర్చీ వచ్చింది, అమ్మనో అత్తనో లోపలికి రానిస్తున్నారు. ఇది ఏ ఉత్తర్వుతోనూ జరగలేదు. అక్కడి స్టాఫ్ నర్సులే పూనుకుని చేశారు. వారికి సంఘం తరఫున చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మరోచోట, పేరు చెప్పను, బిడ్డను గుడ్డలో చుట్టి తెచ్చి ‘మగపిల్లోడు, ఇంతియ్యాలె’ అని పట్టుబట్టే అలవాటు ఇంకా పోలేదు. జననీ శిశు సురక్ష కార్యక్రమం 2011లోనే వచ్చింది. ప్రభుత్వ ఆసుపత్రిలో సిజేరియన్ సహా కాన్పు, మందులు, రక్తం, భోజనం, రానుపోను బండి అన్నీ ఉచితం. ఒక్క రూపాయి అడిగినా రాసుకొచ్చి మనకు ఇవ్వండి.

సెప్టెంబర్ మొదట్లో పెద్ద వానలకు వాగు పొంగి ఒక తండాకు దారి తెగింది. నొప్పులు మొదలైన అమ్మాయిని ట్రాక్టర్‌లో వాగు దాటించి అవతల ఆగిన 108 ఎక్కించింది మన సభ్యులే. ఆ ట్రాక్టర్ అన్నకు, రాత్రంతా ఫోన్ పట్టుకుని కూర్చున్న ఆశా అక్కకు ప్రత్యేక ధన్యవాదాలు.

పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ల గురించి మాట్లాడటం ఈ ఏడాదే మొదలుపెట్టాం. 2022 ఆగస్టులో ఇబ్రహీంపట్నంలో ఒక్కరోజే 34 మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేస్తే నలుగురు తల్లులు చనిపోయిన సంగతి మనమెవరం మరచిపోలేదు. మగవాళ్లకు చేసే ఆపరేషన్‌కు కత్తి గాటు, కుట్లు ఉండవు, కాసేపట్లో ఇంటికి రావొచ్చు. ఈ మాట మీటింగుల్లో చెప్పగానే మగవాళ్లు ఒక్కొక్కరే లేచిపోయారు. ‘మా ఆయన బరువులు మోయాలె, ఆయనకెందుకు’ అని ఆడవాళ్లే అడ్డుపడిన చోట్లూ ఉన్నాయి. నీళ్ల బిందె, కట్టెల మోపు, పత్తి బస్తా మోసేది ఎవరో అక్కడికక్కడే లెక్క వేయించాం. ఈ పని పట్టు వదలకుండా చేయాలి.

గర్భస్రావం విషయంలో భర్త సంతకం తెమ్మని వెనక్కి పంపిన ఇద్దరు మన దగ్గరికి వచ్చారు. పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీకి ఆమె సమ్మతి ఒక్కటే చాలని 1971 చట్టం చెబుతోంది. 2021 సవరణ తర్వాత 20 వారాల దాకా ఒక డాక్టర్ అభిప్రాయం సరిపోతుంది. ఈ విషయాలను తెలుగులో ఒక పేజీగా అచ్చు వేయించాం, లంబాడీలో గొంతు రికార్డు చేయించాం. రికార్డింగ్‌కు గొంతిచ్చిన డిగ్రీ విద్యార్థినికి కృతజ్ఞతలు.

జమాఖర్చులు కోశాధికారి గారు చదువుతారు. చందాలే ఆదాయం. ఖర్చులో ఎక్కువ భాగం ఆటో కిరాయిలకు, కరపత్రాలకు, మే సభకు పోయింది. మిగులు కొద్దిగా ఉంది. బాకీ చందాలు ఈ రోజే కట్టమని మనవి.

ఒక మాట బాధతో చెబుతున్నాను. శనివారం తండా పర్యటనలకు పోయిన సభలో చాలామంది చేతులెత్తారు. ఆటో దగ్గరికి వచ్చింది మాత్రం ఎప్పుడూ ఆ నలుగురే. వారిలో ఒకరు ఇంట్లో పచ్చి బాలింతను పెట్టుకుని కూడా వచ్చారు. రాలేకపోతే ముందు రోజు ఒక ఫోన్ చేయండి, ఇంకొకరిని చూసుకుంటాం. మీ కోసం ఎదురుచూసి తండాకు పొద్దుగూకాక చేరితే అక్కడ ఆడవాళ్లు వంటలో ఉంటారు, మాట వినే తీరిక ఉండదు.

వచ్చే ఏడాదికి కార్యవర్గం పెట్టే తీర్మానాలు రెండు. మన ప్రాంతపు ప్రభుత్వ ఆసుపత్రిలో రాత్రీ పగలూ మిడ్‌వైఫ్‌లను నియమించాలని శాసనసభ్యుల ద్వారా ఆరోగ్య మంత్రి గారికి వినతి ఇవ్వడం మొదటిది. ఇంటి తోడు లేని గర్భిణుల కోసం, వలస పోయిన వారి భార్యల కోసం, మన సంఘం నుంచి తోడు మనుషుల జాబితా తయారు చేయడం రెండోది. బిడ్డను కన్న అనుభవం ఉండి, నెలకు రెండు రాత్రులు ఆసుపత్రిలో ఉండగలిగిన వారు కావాలి. పేర్లు రాసే పుస్తకం నీళ్ల డ్రమ్ము పక్కన బల్ల మీద పెట్టించాం. మొదటి పేరు మే సభకు వచ్చిన మంత్రసానమ్మ కూతురిది.

ఇట్లు,
కార్యదర్శి