ఆపరేషన్ తర్వాత ఒకటి రెండుగా కనిపిస్తుంటే

సంపాదకుడు గారికి,

కంటి ఆపరేషన్ అయ్యాక ఒకటే వస్తువు రెండుగా కనిపిస్తే చాలామంది డాక్టరు ఏదో పాడుచేశారనే అనుకుని టెన్షన్ పడతారు. కారణం ఒక్కటే ఉండదండీ. ముందు ఒక కన్ను మూసి చూడండి, తర్వాత రెండోది. ఏదైనా ఒక కంటితోనే చూసినా రెండుగా కనిపిస్తుంటే తేడా ఆ కంట్లోనే ఉంది: కన్ను పొడిబారడం, సిలిండర్ పవర్ (కంటి ముందు భాగం వంపు అన్నివైపులా సమంగా లేకపోవడం వల్ల వచ్చే చూపు దోషం) మిగలడం, లోపల పెట్టిన లెన్స్ పక్కకు జరగడం లాంటివి. ఏ కన్ను మూసినా ఒకటిగానే కనిపిస్తే రెండు కళ్ళూ ఒకేచోటికి చూడటం లేదన్నమాట. శుక్లం ఆపరేషన్‌లో మత్తుమందు సూది వల్ల కంటిని కదిలించే కండరం దెబ్బతిని ఉండొచ్చు, ఊడిన రెటీనాను, అంటే కంటి లోపల వెనకవైపు ఉండే పొరను, అతికించడానికి కంటి చుట్టూ వేసిన బ్యాండ్ కండరాలను పట్టేసి ఉండొచ్చు. ఇంకొకటి, దీని గురించే ఎవరూ పెద్దగా చెప్పరు: ఎప్పటినుంచో ఉన్న కొద్దిపాటి మెల్ల, శుక్లం మసకలో ఇన్నాళ్ళూ బయటపడకుండా ఉండి, చూపు బాగుపడగానే తెలుస్తుంది. రెండు కళ్ళ పవర్ మధ్య తేడా ఎక్కువున్నా ఇలా కావచ్చు.

కొందరికి ఇది వారాల్లో దానంతటదే తగ్గుతుంది. తగ్గనివాళ్ళకు రెండు బొమ్మల్నీ ఒకటిగా కలిపి చూపే ప్రిజం కళ్ళద్దాలున్నాయి, అవసరమైతే కండరానికి ఆపరేషన్ ఉంది. కానీ రెప్ప వాలడం, విపరీతమైన తలనొప్పి, మాట తడబడటం తోడైతే అది నరాలకో మెదడుకో సంబంధించినది కావచ్చు, ఒక్క రోజు కూడా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

డాక్టర్లకు నా విన్నపం, ఆపరేషన్‌కు ముందే మెల్ల ఉందేమో చూసి, ఇలా జరిగే అవకాశం ఉందని పేషెంటుకు అర్థమయ్యే మాటల్లో చెప్పండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు